కృత్రిమ దంతాలు: ఫుఖహాల చర్చ, జహ్రావీ చికిత్స

పంటి విలువ

మానవ శరీరంలో పన్ను చిన్న అవయవమే అయినా, ఇస్లామీయ ధర్మశాస్త్రం దానికి ఇచ్చిన విలువ చిన్నది కాదు. తౌరాతులో విధించబడిన ప్రతీకార న్యాయాన్ని ప్రస్తావించే దివ్య ఖుర్ఆన్ ఆయత్ (అల్ మాయిదా: 45) ప్రాణం, కన్ను, ముక్కు, చెవి వీటి సరసన పంటిని కూడా పేర్కొంది. దైవప్రవక్త (సఅసం) యమన్ ప్రజలకు పంపగా, హజ్రత్ అమ్ర్ బిన్ హజ్మ్ (రజి) పేరుతో ప్రసిద్ధికెక్కిన లేఖలో ఒక పంటికి నష్టపరిహారం 5 ఒంటెలుగా నిర్ణయించబడింది. నిండు ప్రాణానికి పరిహారం 100 ఒంటెలు. ఆ లెక్కన ఒక్క పంటి విలువ ప్రాణం విలువలో ఇరవయ్యో వంతు. పైకి కనిపించే ముందు పంటికి ఎక్కువ, లోపల ఉండే దవడ పంటికి తక్కువ అనే భేదం లేదనీ, పళ్ళన్నీ సమానమేననీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అభిప్రాయపడ్డారు. అధిక సంఖ్యాక ఫుఖహాలు ఈ అభిప్రాయాన్నే స్వీకరించారు.

పోయిన పంటికి వెల కట్టడం ఖాజీ పని. పోయిన చోట మరొక పన్ను అమర్చడం వైద్యుని పని. అలా అమర్చిన వస్తువు ధర్మసమ్మతమా, కాదా అని విచారించడం ఫఖీహ్ పని. ఇస్లామీయ నాగరికతలో ఈ ముగ్గురూ తమ తమ గ్రంథాలలో పంటిని గురించి వ్రాశారు. నేడు దవడ ఎముకలో టైటానియం లోహపు మరను బిగించి, దానిపై పన్నును నిలబెట్టే ఇంప్లాంట్ చికిత్స పెద్ద నగరాలలోనే కాక జిల్లా కేంద్రాలలో కూడా లభిస్తున్నది. దీనిని చేయించుకోదలచిన ముస్లిం మనసులో కొన్ని ప్రశ్నలు ఉదయించడం సహజం. మరోవైపు, ఈ చికిత్సను వెయ్యేళ్ళ క్రితమే కార్డోవా వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ కనిపెట్టారనే మాట వ్యాసాలలోనూ, ఉపన్యాసాలలోనూ తరచుగా వినవస్తున్నది. ఆ ప్రశ్నలకు సమాధానం కావాలన్నా, ఈ మాటలోని నిజమెంతో తేలాలన్నా మూల గ్రంథాలు ఏం చెబుతున్నాయో చూడవలసి ఉంటుంది.

ఇస్లాంకు పూర్వం

కదిలే పళ్ళను లోహపు తీగతో కట్టడం ఇస్లాంకు చాలా పూర్వమే ఉంది. లెబనాన్ తీరంలోని ప్రాచీన సైదా (సిడాన్) పట్టణపు సమాధులలో 1862లో ఒక దవడ ఎముక బయటపడింది. క్రీస్తు పూర్వం 5, 4 శతాబ్దాల నాటి ఫినీషియనుల కాలానికి చెందిన ఆ దవడలో ముందు పళ్ళు బంగారు తీగతో కట్టబడి ఉన్నాయి. వాటిలో రెండు పళ్ళు ఆ మనిషివి కావు; మరొకరి పళ్ళను తెచ్చి ఆ తీగకు బిగించారు. ఇటలీలోని ఎట్రస్కనులు బంగారు రేకును పట్టీగా మలచి పళ్ళకు తొడిగేవారు. సుమారు క్రీస్తు పూర్వం 450 నాటి రోమనుల పన్నెండు పలకల శాసనం, శవంతో పాటు బంగారాన్ని పూడ్చకూడదని నిషేధిస్తూనే, పళ్ళను కట్టిన బంగారానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. పంటి బంగారం గురించి చట్టం మాట్లాడవలసి వచ్చిందంటే, ఆ వాడుక అప్పటికే కొంతవరకు వ్యాపించి ఉండాలి.

అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల దొరికిన సాక్ష్యం ఇంతకంటే భిన్నమైనది. మధ్య అమెరికాలోని హోండురాస్ దేశంలో 1931లో మాయా నాగరికతకు చెందిన ఒక దవడ భాగం దొరికింది. అది సుమారు క్రీ.శ. 600 నాటిదని అంచనా. అందులో మూడు ముందు పళ్ళ గుంటలలో గవ్వ చిప్పను పంటి ఆకారంలో చెక్కి దించారు. 1970లో తీసిన ఎక్స్‌రే చిత్రాలలో ఆ చిప్పల చుట్టూ ఎముక పెరిగినట్లు కనిపించింది. అంటే ఆ పళ్ళను శవానికి అలంకారంగా కాక, బ్రతికి ఉన్న మనిషికే అమర్చారని అర్థం. సైదా తీగకూ మాయా చిప్పకూ ఉన్న తేడాను గుర్తుంచుకోవాలి. మొదటిది పక్క పళ్ళను ఆసరా చేసుకుంది. రెండవది ఎముకలోనే పాతుకుంది. ఈ వ్యత్యాసం మున్ముందు మళ్ళీ అవసరమవుతుంది.

అర్ఫజా (రజి) వృత్తాంతం

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కృత్రిమ దంతాల చర్చకు మూలం పన్ను కాదు, ముక్కు. హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఇస్లాం స్వీకరించక ముందు, అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో పాల్గొన్నారు. ఆ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. ఆయన వెండితో ముక్కు చేయించుకున్నారు. కొంత కాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) బంగారంతో ముక్కు చేయించుకోమని ఆయనను ఆదేశించారు. ఈ హదీసును అబూ దావూద్, తిర్మిజీ, నసాయి సంకలనాలు ఉల్లేఖించాయి. అర్ఫజా (రజి) మనవడు అబ్దుర్రహ్మాన్ బిన్ తరఫా ద్వారా ఇది తరువాతి వారికి అందింది.

పురుషులకు బంగారం నిషిద్ధమన్న సంగతి అందరికీ తెలిసినదే. అటువంటప్పుడు ఈ అనుమతికి కారణమేమిటి? వెండి శరీరానికి సరిపడలేదు, బంగారం సరిపడింది. ఒక లోహం శరీరంలో ఎలా ప్రవర్తిస్తుందనే విషయం ఇక్కడ ధర్మాదేశానికి ఆధారమయింది. శతాబ్దాల పాటు ఫుఖహాలు చేసిన చర్చ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

ఇమామ్ తిర్మిజీ (మరణం హి. 279, క్రీ.శ. 892) ఈ హదీసును నమోదు చేసిన తరువాత, పండితులలో ఒకరి కంటే ఎక్కువ మంది తమ పళ్ళను బంగారంతో కట్టించుకున్నట్లు ఉల్లేఖనాలు ఉన్నాయనీ, వారికి ఈ హదీసే ఆధారమనీ తెలిపారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కూడా తమ పళ్ళను బంగారంతో బిగించుకున్నారని ముస్నద్ అహ్మద్‌లో ఒక కథనం ఉంది. అయితే ఆ కథనంలో కళ్ళారా చూసిన వ్యక్తి పేరు లేదు. అందుచేత దానిని గట్టి ప్రమాణంగా తీసుకోవడం కష్టం. అర్ఫజా (రజి) హదీసు ఉండగా దానిపై ఆధారపడవలసిన అవసరం కూడా లేదు.

వెండియా, బంగారమా?

కదులుతున్న పంటిని దేనితో కట్టాలి? హనఫీ పండితులలోనే ఈ విషయమై భేదాభిప్రాయం ఏర్పడింది. ఇమామ్ అబూ హనీఫా (మరణం హి. 150, క్రీ.శ. 767) వెండితో కట్టవచ్చు, బంగారంతో కట్టరాదని అన్నారు. ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (మరణం హి. 189, క్రీ.శ. 805) బంగారంతో కట్టినా దోషం లేదన్నారు. మరో శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) నుండి రెండు రకాల ఉల్లేఖనాలూ ఉన్నాయి.

ఇమామ్ మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) తన హిదాయా గ్రంథంలో ఇరుపక్షాల వాదాలనూ వివరించారు. ఇమామ్ ముహమ్మద్ వాదం సూటిగా ఉంది: ముక్కుకు బంగారం అనుమతించబడినప్పుడు పంటికి ఎందుకు కాకూడదు? ఇమామ్ అబూ హనీఫా వాదం మరికొంత సూక్ష్మమైనది. పురుషునికి బంగారం మూలతః నిషిద్ధం. అవసరం మేరకే దానికి అనుమతి లభిస్తుంది. పంటిని కట్టడానికి వెండి సరిపోతున్నది గనుక బంగారం వరకు వెళ్ళే అవసరమే రాలేదు. ముక్కు విషయంలో వెండి దుర్వాసన కొట్టింది గనుక అక్కడ అవసరం నిజంగానే ఏర్పడింది.

ఈ వివాదాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తే ఇద్దరు ఇమాములూ సూత్రం విషయంలో విభేదించలేదని తెలుస్తుంది. అవసరం ఉంటే అనుమతి, లేకుంటే లేదు అనే దానిని ఇద్దరూ ఒప్పుకున్నారు. తేలవలసినదల్లా నోటిలోని తేమలో, చిగుళ్ళ పక్కన వెండి చెడిపోతుందా, నిలుస్తుందా అన్నది. ఇది పుస్తకం చూసి చెప్పగలిగేది కాదు. చేతితో ఆ పని చేసిన వైద్యుడు చెప్పవలసినది. తక్కిన మజహబుల విషయానికి వస్తే, షాఫయీ పండితులు అవసరమైనప్పుడు బంగారపు ముక్కును, పంటిని అనుమతించారు. హన్బలీ పండితుడు ఇబ్నె ఖుదామా (మరణం హి. 620, క్రీ.శ. 1223) కూడా పళ్ళను బంగారంతో కట్టడాన్ని అవసరం ఉన్నప్పుడు సమ్మతించారు.

మరొకరి పన్ను

కట్టే తీగ గురించే కాక, కట్టవలసిన పంటి గురించి కూడా చర్చ జరిగింది. ఇమామ్ కాసానీ (మరణం హి. 587, క్రీ.శ. 1191) బదాయి అస్సనాయి గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా వ్రాశారు. చనిపోయిన మనిషి పంటిని తీసి బ్రతికి ఉన్నవాని నోటిలో కట్టడం మక్రూహ్ అనే విషయంలో హనఫీ ఇమాములందరూ ఏకీభవించారు. ఊడిపోయిన తన పంటినే తిరిగి పెట్టుకోవచ్చా అన్న దగ్గర అభిప్రాయాలు వేరయ్యాయి. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ దానిని కూడా మక్రూహ్‌గా భావించి, జబహ్ చేసిన గొర్రె పంటిని ఆ స్థానంలో కట్టుకోవడం మేలన్నారు. శరీరం నుండి వేరుపడిన భాగం ఖననానికి అర్హమైనదని వారి ఉద్దేశం. తన పంటిని తాను తిరిగి పెట్టుకోవడంలో తప్పు లేదని ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. ఇతరుని శరీర భాగాన్ని వాడుకుంటే ఆ మనిషిని అవమానించినట్లవుతుంది. తన భాగాన్ని తాను వాడుకోవడంలో ఎవరికీ అవమానం లేదు అన్నది ఈ పక్షాన చూపబడిన కారణం.

మానవ శరీరం మరణానంతరం కూడా గౌరవనీయమన్న భావన ఈ చర్చకు పునాది. తరువాతి శతాబ్దాలలో ఐరోపాలో జరిగిన సంఘటనలతో పోల్చినప్పుడు దీని ప్రాముఖ్యం బోధపడుతుంది.

జహ్రావీ చికిత్స

అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అల్ జహ్రావీ అందలూసియా రాజధాని కార్డోవా సమీపంలోని మదీనతుజ్జహ్రా నగరానికి చెందినవారు. ఆ నగర నిర్మాణాన్ని ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ప్రారంభించారు. జహ్రావీ సుమారు 1013లో మరణించారు. ఆయన రచించిన కితాబ్ అత్తస్రీఫ్ 30 భాగాల బృహద్గ్రంథం. చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. దాదాపు 200 శస్త్రచికిత్సా పరికరాల బొమ్మలు అందులో ఉన్నాయి. క్రీ.శ. 7వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాలస్ రచనలను ఆయన విస్తారంగా ఉపయోగించుకున్నారు. వాటికి తన అనుభవాన్ని జోడించారు.

పళ్ళకు సంబంధించిన అధ్యాయాలలో ఆయన మొదట హెచ్చరించేది తొందరపాటు గురించి. నొప్పి పుట్టిన వెంటనే పంటిని పెరికివేయరాదు, అన్ని ఉపాయాలూ ప్రయత్నించాలి, ఎందుకంటే పోయిన పన్ను తిరిగి రాదు అని ఆయన ఉద్బోధించారు. నొప్పి రోగిని మోసగిస్తుంది. అతడు మంచి పంటిని చూపించి పీకించుకుంటాడు, జబ్బు పన్ను అలాగే మిగిలిపోతుంది. తెలియని మంగలులు పంటిని విరిచి వేరును లోపలే వదిలేయడం, దవడ ఎముకను దెబ్బతీయడం ఆయన కళ్ళారా చూశారు.

పళ్ళపై పేరుకునే గారను తొలగించే పద్ధతిని కూడా ఆయన వివరించారు. రోగిని ఎదుట కూర్చోబెట్టి, తల వైద్యుని ఒడిలో పెట్టించుకుని, గార పూర్తిగా పోయేదాకా గీకాలి; ఒక రోజున పూర్తి కాకపోతే మరునాడు, ఆ మరునాడు కొనసాగించాలి. పంటి లోపలి వైపుకు ఒక ఆకారం, వెలుపలి వైపుకు మరొక ఆకారం, పళ్ళ సందులకు వేరొక ఆకారం చొప్పున 14 రకాల గీకుడు కత్తుల బొమ్మలు వేశారు.

ఆ తరువాత వచ్చేది పళ్ళను కట్టే అధ్యాయం. దెబ్బ వల్లనో, పడిపోవడం వల్లనో ముందు పళ్ళు కదిలి, మందులతో బిగుసుకోనప్పుడు తీగతో కట్టాలి. ఇక్కడే ఆయన వెండి, బంగారాల సంగతి తేల్చారు. వెండి కొన్నాళ్ళకు రంగు మారి చెడిపోతుంది. బంగారం ఎప్పటికీ అలాగే ఉంటుంది. కనుక బంగారమే మేలు. తీగ మరీ సన్నం, మరీ లావు కాకుండా ఉండాలి. గట్టిగా ఉన్న రెండు పళ్ళ నడుమ నుండి దానిని మొదలుపెట్టి, కదిలే పళ్ళ సందులలో అల్లుకుంటూ అవతలి వైపు గట్టి పంటి దాకా తీసుకుపోవాలి. మళ్ళీ వెనక్కి అల్లుకు రావాలి. మెల్లగా, నేర్పుగా లాగి, పళ్ళు కదలకుండా బిగించాలి. తీగ జారిపోకుండా పళ్ళ మొదళ్ళ దగ్గర ఉండాలి. మిగిలిన కొనలను కత్తెరతో కత్తిరించి, మెలివేసి, నాలుకకు గుచ్చుకోకుండా పళ్ళ సందులో దాచాలి.

ఊడిపోయిన పంటిని తిరిగి దాని గుంటలో పెట్టి ఇదే విధంగా కట్టవచ్చుననీ, అలా కట్టిన పన్ను నిలుస్తుందనీ ఆయన వ్రాశారు. పన్ను దొరకనప్పుడు ఆవు ఎముకను పంటి ఆకారంలో చెక్కి ఆ ఖాళీలో ఉంచి, పక్క పళ్ళకు కట్టాలి. రోగి దానిని చాలా కాలం వాడుకుంటాడు. అయితే ఈ పని నేర్పరి, మృదుస్వభావి అయిన వైద్యునికే సాధ్యమని ఆయన షరతు పెట్టారు.

ఫుఖహాల చర్చను, జహ్రావీ అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. జహ్రావీ ధర్మశాస్త్ర వివాదాన్ని ప్రస్తావించనే లేదు. అయినా వెండి నోటిలో చెడిపోతుందన్న ఆయన అనుభవం ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయానికే బలం చేకూరుస్తున్నది. మనిషి పంటికి బదులు జంతువు నుండి పన్ను చేయాలన్న విషయంలోనూ వైద్యుడు, ఫుఖహాలు వేర్వేరు దారులలో వచ్చి దగ్గర దగ్గరగా కలిశారు.

కార్డోవా నుండి ఐరోపాకు

జహ్రావీ శస్త్రచికిత్సా భాగాన్ని 12వ శతాబ్దంలో తులైతులా (టొలెడో) నగరంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ లాటిన్ భాషలోకి అనువదించారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ 1363లో పూర్తిచేసిన తన గ్రంథంలో జహ్రావీని పలుమార్లు ఉదహరించారు. బంగారు తీగ, ఆవు ఎముక పన్ను అందులోనూ కనిపిస్తాయి. తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సాబూంజీ ఓగ్లూ 1465లో అమాస్యా నగరంలో జహ్రావీ శస్త్రచికిత్సను తుర్కీ భాషలో, బొమ్మలతో సహా వెలువరించారు. అరబ్బీ మూలం లాటిన్ అనువాదంతో కలిసి 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. 1973లో అరబ్బీ మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం వెలువడింది.

ఈ విజ్ఞానాన్ని కాపాడటంలో హైదరాబాదుకు కూడా వాటా ఉంది. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ ముద్రణ సంస్థ, 13వ శతాబ్దపు సిరియా ప్రాంత క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ అరబ్బీలో రచించిన శస్త్రచికిత్సా గ్రంథం అల్ ఉమ్‌దాను 1937లో ప్రచురించింది. అబూ బక్ర్ రాజీ వైద్య మహాకోశం అల్ హావీ ముద్రణను 1955లో ప్రారంభించింది. ప్రపంచంలోని పరిశోధకులు ఈ గ్రంథాల కోసం హైదరాబాదు ప్రతులనే ఆశ్రయించారు.

ఐరోపాలో 18వ శతాబ్దం దంతవైద్యానికి కొత్త దశ. 1728లో పియేర్ ఫొషార్ వెలువరించిన గ్రంథం దంతవైద్యాన్ని ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టింది. కానీ అదే కాలంలో మరొక వ్యాపారం కూడా సాగింది. లండన్‌లో పేదల నోటి నుండి పళ్ళు పీకించి, వాటిని అప్పటికప్పుడు ధనికుల నోటిలో నాటేవారు. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఈ పద్ధతిని సమర్థించారు. ఒకరి రోగాలు మరొకరికి సోకడంతో అది క్రమంగా అపఖ్యాతి పాలయింది. 1815లో వాటర్లూ యుద్ధంలో మరణించిన సైనికుల పళ్ళు సేకరించబడి కట్టుడు పళ్ళలోకి చేరాయి. ఆ తరువాత చాలాకాలం అటువంటి పళ్ళను వాటర్లూ పళ్ళు అనే పిలిచేవారు. శవం పంటిని బ్రతికి ఉన్నవానికి కట్టరాదని కూఫా ఇమాములు నిర్ణయించి అప్పటికి వెయ్యేళ్ళు దాటింది. పింగాణీ పళ్ళు, 1850ల తరువాత గట్టిపరచిన రబ్బరు చిగుళ్ళు వాడుకలోకి వచ్చాకనే మానవ దంతాల వ్యాపారం అంతరించింది.

టైటానియం మర

పంటిని పక్క పళ్ళకు కట్టడం కాక, ఎముకలోనే నాటాలనే ప్రయత్నాలు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. 1809లో మాజియోలో అనే వైద్యుడు పన్ను తీసిన గుంటలో బంగారపు వేరును నాటి చూశారు. చిగుళ్ళు తీవ్రంగా వాచాయి. తీగగా చక్కగా పనికివచ్చిన బంగారం వేరుగా పనికిరాలేదు.

సమాధానం అనుకోని చోట దొరికింది. స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929–2014) 1952లో లుండ్ నగరంలో ఎముకలో రక్తప్రసారాన్ని పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చారు. ప్రయోగం ముగిశాక దానిని తీయబోతే ఊడి రాలేదు. ఎముక ఆ లోహానికి అతుక్కుపోయింది. గాలి తగిలిన వెంటనే టైటానియం మీద ఆక్సైడు పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొరను శరీరం పరాయి వస్తువుగా తిరస్కరించదు; ఎముక కణాలు నేరుగా దానిపై పెరుగుతాయి. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి రోగికి ఈ పద్ధతిలో పళ్ళు అమర్చారు. ఆ రోగి 2006లో మరణించే వరకు, అంటే దాదాపు 40 ఏళ్ళు ఆ మరలు పనిచేశాయి. 1982లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన సదస్సు తరువాత ప్రపంచ దంతవైద్యులు ఈ పద్ధతిని విస్తృతంగా స్వీకరించారు. తొలి రోజులలో మరను బిగించాక కింది దవడలో 3, 4 నెలలు, పై దవడలో 5, 6 నెలలు ఎముక పట్టుకునేదాకా ఆగి, ఆ తరువాతనే పన్ను అమర్చేవారు.

ఇప్పుడు జహ్రావీ గురించిన మాటకు వద్దాం. ఆయన ఆవు ఎముక పన్ను పక్క పళ్ళను ఆసరా చేసుకుని నిలిచింది. దవడ ఎముకలో పాతుకోలేదు. కనుక నేటి ఇంప్లాంటును ఆయన కనిపెట్టారనడం సరికాదు. ఎముకలో నాటిన పళ్ళకు పాత సాక్ష్యం వెతికితే అది మాయా దవడలో ఉంది. నేటి వాడుకలో జహ్రావీ పనికి సరైన పోలిక పక్క పళ్ళపై నిలిచే బ్రిడ్జి పన్ను, కదిలే పళ్ళను కట్టే తీగ. లేని గొప్పను ఆపాదిస్తే ఉన్న గొప్ప కూడా అనుమానానికి గురవుతుంది. పంటిని కట్టే పద్ధతిని ఇతరులు చదివి చేయగలిగేంత వివరంగా వ్రాయడం, లోహాల గుణాన్ని అనుభవంతో నిర్ణయించడం, ఊడిన పంటిని తిరిగి నాటవచ్చునని చెప్పడం ఆయన సొంత ఘనత. నేడు కూడా దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడితే, దానిని పారవేయకుండా, వేరును ముట్టుకోకుండా, వెంటనే గుంటలో పెట్టడమో, పాలలో ఉంచి గంట లోపల దంతవైద్యుని వద్దకు చేర్చడమో చేయాలని వైద్యులు చెబుతున్నారు. పాల పళ్ళకు మాత్రం ఇది వర్తించదు. ఇమామ్ అబూ యూసుఫ్ అనుమతించినదీ, జహ్రావీ ఆచరించమన్నదీ ఈ చికిత్సనే.

నేటి ప్రశ్నలు

టైటానియం మర విషయంలో పాత వివాదాలు చాలావరకు తొలగిపోయాయి. అది బంగారం కాదు, శవం నుండి తీసినది కాదు, జంతువు భాగం కాదు. పోయిన దానిని తిరిగి నిలబెట్టడం చికిత్స. అందం కోసం పళ్ళను రాచి సందులు చేయించుకునే స్త్రీలను హదీసు శపించింది. ఆ హదీసు ఆరోగ్యంగా ఉన్న పళ్ళను అలంకారానికై మార్చడానికి సంబంధించినది. దానిని పోయిన పంటికి అన్వయించలేము.

మరపై తొడిగే పన్ను బంగారంతో చేయించుకోవచ్చా అన్న ప్రశ్న పురుషుల విషయంలో మిగులుతుంది. ఇక్కడ ఇమామ్ అబూ హనీఫా వాదం కొత్త బలంతో ముందుకు వస్తున్నది. తక్కువ దానితో అవసరం తీరుతుంటే బంగారం వరకు వెళ్ళరాదన్నది ఆయన సూత్రం. జహ్రావీ కాలంలో బంగారానికి బదులు లేదు. నేడు పింగాణీ, జిర్కోనియా వంటివి నోటిలో చెడకుండా నిలుస్తున్నాయి. కనుక వైద్య కారణం లేకుండా పురుషులు బంగారు పన్ను తొడిగించుకోవడం ఇమామ్ ముహమ్మద్ ఇచ్చిన అనుమతి పరిధిలోకి కూడా రావడం కష్టం.

గుస్ల్ విషయంలో మరో సందేహం ఉంది. హనఫీ మజహబులో గుస్ల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళను తీసి పుక్కిలించాలి. తీయడానికి వీలులేకుండా బిగించిన పన్ను అసలు పంటితో సమానమనీ, దాని అడుగుకు నీరు చేరనవసరం లేదనీ హనఫీ ముఫ్తీలు సాధారణంగా చెబుతున్నారు.

నిజంగా విచారించవలసిన విషయం మరొకటి ఉంది. దవడ ఎముక పలచబడిన వారికి మర బిగించే ముందు ఎముక పొడి నింపి, దానిపై పలుచని పొర కప్పుతారు. ఆ పొడి రోగి ఎముక నుండి తీసినది కావచ్చు, ఇతర మనుషులు దానం చేసినది కావచ్చు, ఆవుది కావచ్చు, పందిది కావచ్చు. కప్పే పొర కూడా పంది చర్మం నుండి తయారైనది కావచ్చు. పదార్థ స్వభావం పూర్తిగా మారితే విధి కూడా మారుతుందనే ఇస్తిహాలా సూత్రాన్ని హనఫీ, మాలికీ పండితులు విస్తృతంగా, షాఫయీ పండితులు పరిమితంగా అంగీకరించారు. శుద్ధి ప్రక్రియలో ఆ పదార్థం నిజంగా మారిపోతుందా అన్నది మళ్ళీ నిపుణులే చెప్పవలసిన సంగతి. కృత్రిమంగా తయారైన ఎముక పొడి కూడా లభిస్తున్నందున, చికిత్సకు ఒప్పుకునే ముందే ఏ పదార్థం వాడతారో వైద్యుని అడిగి తెలుసుకోవడం ఉత్తమం. మర బిగించాక అడిగితే ప్రయోజనం ఉండదు.

ఇంప్లాంట్ పంటికి పుచ్చు పట్టదు. కానీ దాని చుట్టూ గార పేరుకుంటే చిగురు వాచి, ఎముక కరిగి, మర వదులవుతుంది. పొగ త్రాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో ఈ ప్రమాదం ఎక్కువ. ఖర్చు కూడా అందరూ భరించగలిగినది కాదు. అందుచేత మిస్వాక్‌ను గురించి దైవప్రవక్త (సఅసం) చేసిన తాకీదు, గారను ఓపికగా గీకి తీయమని, పంటిని పీకడానికి తొందరపడవద్దని జహ్రావీ ఇచ్చిన సలహా కృత్రిమ దంతాల కాలంలో కూడా ముందుగా పాటించవలసినవే. దేవుడిచ్చిన పన్ను ఉన్నంతకాలం దానికి సాటి వచ్చేది ఇంతవరకు తయారు కాలేదు.